భయం లేదని చెప్పేవాళ్ళు

మా తెలుగు ఇంటి గడప దాటి బయటికి రాదు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో ఉండే మాలాంటి సంసారాలన్నిటి సంగతీ ఇంతే. బడిలో తమిళం, బస్సులో తమిళం, సంతలో తమిళం, గుళ్ళో దేవుడి ముందు కూడా తమిళమే. ఇంటికొచ్చి చెప్పులు విప్పాకే తెలుగు. ఆ తెలుగును మేము ఇంకో పనికి కూడా వాడుకుంటాం. చీరలమ్మే ఆయన వాకిట్లో కూర్చుని ఉండగానే ఆయన సరుకు గురించీ, పెళ్ళి సంబంధం తెచ్చిన పెద్దమనిషి కాఫీ తాగుతుండగానే ఆయన బుద్ధి గురించీ, మొహం మీద నవ్వు చెదరకుండా మాట్లాడేసుకుంటాం. వాళ్ళకు అర్థం కాదని మా ధైర్యం. తలుపేసుకుని మాట్లాడుకున్నట్టే మాకు.

ఆ ధైర్యం పోయిన మిరపకాయల కాలంలో మా పరువు తీసింది. పరువు ఒక్కటే పోయుంటే నవ్వుకుని ఊరుకునేదాన్ని, ఇదంతా రాసేదాన్ని కాదు.

మా ఆయన సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. నాకు మేనత్త కొడుకు, ఊహ తెలిసినప్పటి నుంచీ బావే. ఆయన ఉద్యోగం మీద సికిందరాబాదులో ఉన్నప్పుడే నేను తెలుగు రాయడం, చదవడం నేర్చుకున్నాను. క్వార్టర్సులో పక్కింటి గుంటూరావిడ నా మాట విని, మా నాయనమ్మ కూడా ఇలా మాట్లాడేది కాదమ్మా అని కడుపుబ్బ నవ్వేది. నాకు ఒళ్ళు మండి, ఆమె చేతే అక్షరాలు దిద్దించుకున్నాను. అందుకే ఇలా పుస్తకాల తెలుగులో రాయగలుగుతున్నాను. నోరు విప్పితే మాత్రం ఇప్పటికీ మా ఊరి మాటే వస్తుంది.

మాకు ఒక్కడే కొడుకు. వాడూ సైన్యంలోనే చేరాడు. పోయిన మాసి నెలలో, అంటే మాఘమాసం పోయే రోజుల్లో, కళ్ళంలో మిరపకాయలు ఎండుతుండగా వాడు ఫోను చేశాడు. ఆఫ్రికాలో ఏదో దేశంలో ఆ దేశపు వాళ్ళే రెండుగా చీలి కొట్టుకుంటున్నారట. ప్రపంచ దేశాలన్నీ కలిసి అక్కడికి శాంతి సైన్యం పంపుతున్నాయట. మన దేశం నుంచి పోయేవాళ్ళలో వీడి పేరు కూడా ఉందట. తప్పనిసరి కాదు, వద్దంటే తీసేస్తారట. నాయన పొమ్మంటే పోతాను, వద్దంటే పేరు తీయించుకుంటాను, ఆదివారం చేస్తాను, ఆలోచించి చెప్పమను అన్నాడు.

నాకు ఛాతీ పొంగింది. నీలి రంగు టోపీ పెట్టుకుని ఎవరి బిడ్డలనో కాపాడటానికి నా బిడ్డ పోతున్నాడంటే ఏ తల్లికి పొంగదు? పక్కనే ఉండి అంతా విన్న మా బావ మాత్రం, మేకలకు నీళ్ళు పెట్టాలంటూ లేచిపోయాడు. మేకలకు నేను అప్పటికే పెట్టి ఉన్నాను.

ఆ వారమంతా మా ఇద్దరికీ మాటల్లేవు. నేను అడగడం, ఆయన వినపడనట్టు పోవడం. ఆయన మొండితనం నాకు కొత్త కాదు. సిలోనుకు, అదే శ్రీలంకకు, మన సైన్యం పోయినప్పుడు ఆయన కూడా పోయాడు. అప్పటికి మా పెళ్ళి కాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ దీవి గురించి ఆయన చెప్పింది చాలా తక్కువ. అక్కడి తాటిచెట్లు మన ఒట్టపిడారం తాటిచెట్లలాగే ఉంటాయని, బావుల్లో నీళ్ళు తియ్యగా ఉంటాయని, మొదట్లో జనం పూలమాలలు వేసి లేత కొబ్బరికాయలు కొట్టి ఇచ్చారని. అంతే. తరువాత ఏమయిందని అడిగితే, తరువాత వచ్చేసినాము అనేవాడు.

నేనేమో ఊరుకునే రకాన్ని కాదు. ఒకసారి మా వీధిలో ఒకడు తాగొచ్చి పెళ్ళాన్ని బెల్టుతో కొడుతుంటే, వీధి వీధంతా తలుపులు వేసుకుని కూర్చుంది. నేను చీపురు పుచ్చుకుని వాడి నట్టింట్లోకి పోయాను. వాడు నన్ను చూసి బెల్టు కింద పడేశాడు. అప్పటి నుంచీ నా లెక్క ఒకటే. బలం ఉన్నవాడు, పక్కింట్లో కేకలు వింటూ అన్నం తింటే ఆ అన్నం ఒంటికి పట్టదు. ఇళ్ళకైనా దేశాలకైనా అదే న్యాయం అని నా నమ్మకం.

ఆదివారం వచ్చింది. మిరపకాయలు ఎండాయి, విరుదునగరం మండీకి పంపాలి. తాలుకాయలు ఏరి, రంగున్న కాయలు వేరు చేసే పని మిగిలింది. ఆ పనికి మాకు సిలోనామె వస్తుంది. అసలు పేరు ఉంది, ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవరు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు అమ్మ లేకుండా, మేనమామ వెంట పడవ ఎక్కి వచ్చింది. విరుదునగరం పక్కన శరణార్థుల క్యాంపులోనే పెరిగింది, అక్కడే పెళ్ళయింది, అక్కడే ఇద్దరు పిల్లల్ని కన్నది. క్యాంపులో హాజరు తీసే రోజు తప్ప, పత్తి కాలంలోనూ మిరప కాలంలోనూ బస్సెక్కి మా వైపు ఊళ్ళకు వస్తుంది. మాట నెమ్మది. తమిళమే అయినా ఆమె తమిళం వేరు, పాటలాగా సాగుతుంది. ఆమె ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో మిరపకాయల రాశి. మా బావ గోతాలు కుట్టే దబ్బనం పట్టుకుని కొట్టం వాకిలి దగ్గర కూర్చున్నాడు. ఫోను గుంజకు తగిలించిన సంచిలో ఉంది. ఏ క్షణమైనా మోగుతుంది.

నేను ఆగలేకపోయాను. తెలుగులోనే మొదలుపెట్టాను, ఆమె ఉందన్న ఆలోచన కూడా లేకుండా. ఏమి సెప్పబోతుండావు బిడ్డకి అని అడిగాను. ఆయన దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ, పోవద్దనే చెప్తానన్నాడు.

నా నోటికి వచ్చినవన్నీ అన్నాను. నువ్వు పోయొచ్చినావు, పింఛను తింటున్నావు, వాడు పోతే నీకేం నొప్పి అన్నాను. అక్కడ ఆడవాళ్ళు, పిల్లలు చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా అన్నాను. బెల్టువాడి కథ మళ్ళీ తీశాను. ఆయన తల ఎత్తకుండానే, నువ్వు ఇంటికొచ్చినాక వాడు తలుపు గడియ పెట్టి కొట్టినాడు, ఆ పిల్ల ఏడాది నీతో మాట్లాడలేదు, అది ఏంటికి సెప్పవు అన్నాడు.

నిజమే. అది నేను ఎవరికీ చెప్పను. అయినా తగ్గలేదు. అయితే ఆ పొద్దు నేను పోకుండా ఉండాల్నా అని అడిగాను. ఆయన ఇంకో గోతం ముందుకు లాక్కున్నాడు. సిలోనామె తలొంచుకుని తాలుకాయలు ఏరుతోంది.

అప్పుడు ఆయన చెప్పాడు. ఇన్నేళ్ళుగా చెప్పనిది ఆ రోజు ఎందుకు చెప్పాడో నాకు తెలియదు. బిడ్డ ఫోను దగ్గరపడుతోందనే అయి ఉంటుంది.

ఆయన దళంలో ఎక్కువమంది హిందీ వాళ్ళట. అక్కడి జనం మాట ఎవరికీ రాదు. తమిళనాడు వాడు అని ఈయన్ని ముందు పెట్టారు. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగని వాళ్ళకేం తెలుసు, తమిళనాడు వాడంటే తమిళుడే వాళ్ళకు. ఈయనకూ అది బాగానే ఉండేదట. ఏ ఊరు తంబీ అని అక్కడి ముసలివాళ్ళు అడిగితే, కోవిల్‌పట్టి అని చెబితే, చుట్టం దొరికినట్టు మొహం పెట్టేవాళ్ళట. పెరుగన్నం తిని పొమ్మనేవాళ్ళట. ఆ పూలమాలలు వాడిపోయాక, అదే ఊళ్ళో సైన్యానికీ అక్కడి పోరాటగాళ్ళకూ పోరు మొదలయింది. ఒక మధ్యాహ్నం పైఅధికారి పిలిచి, ఫలానా వీధిలో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ఇళ్ళలోనే ఉండమని చెప్పు, భయం లేదని చెప్పు అన్నాడు. ఈయన తిరిగాడు. ప్రతి వాకిట్లోనూ నిలబడి చెప్పాడు.

అంతవరకూ మామూలుగానే చెప్పుకొచ్చిన మనిషి అక్కడ దబ్బనం కింద పెట్టాడు.

“ఒక ముసలాయన వాకిట్లో కుర్చీ వేసుకోని కూర్సొని ఉండె. అంతా ఇని, ఒకటే అడిగినాడు. తంబీ, ఈ మాట నువ్వు సెప్తుండావా, వాండ్లు సెప్పమంటే సెప్తుండావా అని. నేను సెప్తుండాను అంటిని. సరే అని కుర్చీ ఎత్తుకోని లోపలికి పాయె.”

ఆ సాయంకాలం రెండు వైపుల నుంచీ గుండ్లు పడ్డాయట. ఆ వీధి చివర ఇళ్ళు లేకుండా పోయాయట. ఎవరి గుండు ఎక్కడ పడిందో ఈ రోజుకూ ఎవరికీ తెలియదన్నాడు. మర్నాడు ఈయన్ని ఇంకో వైపు పంపారు. ముసలాయన ఇల్లు వీధి మొదట్లో ఉందో చివర్లో ఉందో గుర్తు తెచ్చుకోవడానికి ఇన్నేళ్ళుగా ప్రయత్నిస్తూనే ఉన్నానని, గుర్తు రావడం లేదని అన్నాడు.

“తుపాకి ఇస్తారు. బండి ఇస్తారు. పక్క వీదిలో ఏమయితాదో మనకి ఎవరూ సెప్పరు. తెలియని ఊర్లో బయం లేదని సెప్పేదానికి మనమెవరు? నా బిడ్డ ఆ మాట సెప్పను వద్దు.”

అంతసేపూ నేను అన్న మాటలు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. పింఛను తింటున్నావని కూడా అన్నాను కదా. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేలోపు, రాశికి అవతలి నుంచి మాట వినిపించింది. తెలుగులో.

“మా వీదిలో గూడ ఒకాయన వచ్చి సెప్పినాడన్నా.”

సిలోనామె. చేతిలో మిరపకాయ అట్లాగే ఉంది. మా మాట, మా యాస, మా ఆడవాళ్ళు పత్తి చేలో మాట్లాడుకునే తెలుగే. మా బావ లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

ఆమె మా మొహాలు చూడలేదు. చేతిలో మిరపకాయను చూస్తూ చెప్పింది. సైన్యం వచ్చినప్పుడు వాళ్ళ అమ్మ కూడా మాల వేసిందట. తరువాత పోరు మొదలయినాక ఒకాయన వచ్చి, ఇళ్ళలోనే ఉండండి, భయం లేదు అన్నాడట. తమిళంలోనే అన్నాడట. పక్కింటివాళ్ళు నమ్మక గుడికి పోయారట. వాళ్ళ అమ్మ నమ్మింది. అక్కనూ ఈమెనూ మాత్రం, పిల్లలకు ఆడుకునే తోడు ఉంటుందని పక్కింటివాళ్ళ వెంట గుడికి పంపిందట.

“మీరో, వేరే ఆయనో, నాకు తెల్దు. తెలుసుకోవాలని గూడ లేదన్నా. శానా వీదులు ఉండె.”

మా బావ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ మనిషిని అట్లా నేను ఎన్నడూ చూడలేదు, వాళ్ళ నాయన పోయినప్పుడు కూడా. నేను లేచి ఆమె దగ్గరికి పోయి, ఏం చెయ్యాలో తోచక, ఆమె చేతిలో మిరపకాయ తీసుకుని రాశిలో పడేశాను. మా వాడు వద్దులే, పోడులే అన్నాను ఆమెతో. ఏదో ఆమెకు పరిహారం ఇస్తున్నట్టు. ఎంత తెలివితక్కువ మాటో అన్నాక తెలిసింది.

ఆమె తల అడ్డంగా ఊపింది.

“పోవద్దని నేను సెప్పలేదక్కా. మా అక్క పడవ ఎక్కలేదు, ఆడనే ఉండిపాయె. ఆకరి పోరులో ఇసకలో గుంత తవ్వుకోని పిల్లల్ని పెట్టుకోని కూర్సొని ఉండె. ఏ దేశమోళ్ళయినా సరే, ఎవరైనా వస్తారా అని సముద్రం దిక్కే సూస్తా ఉండినాము అని ఫోన్లో సెప్పె. అప్పుడు ఎవరూ రాలే.”

పిల్లల్లో ఎంతమంది మిగిలారని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

నేను ఎప్పుడూ ఒక పక్క నిలబడి వాదించేదాన్ని. మా బావ ఇంకో పక్క. ఆ రెండు పక్కలూ ఈ ఒక్క మనిషి బతుకులోనే ఉన్నాయి. వచ్చినవాళ్ళను నమ్మి అమ్మ పోయింది, ఎవరూ రాక అక్క గుంతలో కూర్చుంది. ఆమె ముందు కూర్చుని, నాది న్యాయం అని ఏ మొహం పెట్టుకుని అనను? కాదు అని మాత్రం ఏ మొహం పెట్టుకుని అనను? ఇప్పటికీ నాకు తేలలేదు. వార్తల్లో ఏదో దేశం ఇంకో దేశంలోకి సైన్యాన్ని పంపిందనీ, పంపాలనీ, పంపకూడదనీ కోట్లు వేసుకున్నవాళ్ళు బల్ల గుద్ది మాట్లాడుతుంటే, వీళ్ళలో ఒక్కరైనా ఎవరి వాకిట్లోనైనా నిలబడ్డారా అనిపిస్తుంది. టీవీ కట్టేస్తాను.

ఫోను మోగింది.

నేను లేవబోతే, మా బావ నన్ను ఆపి తనే తీశాడు. కొడుకు ఏం అడిగాడో నాకు వినపడలేదు. ఈయన సిలోనామె వైపు చూశాడు. ఆమె అప్పటికే మళ్ళీ కాయలు ఏరుతోంది. ఆమె మొహంలో పొమ్మనీ లేదు, వద్దనీ లేదు.

“పో నాయినా. నిన్ను అడిగినోళ్ళకి నీళ్ళు ఇయ్యి, మందు ఇయ్యి, అడ్డం నిలబడు. ఏ ఇంటి వాకిట్లోను బయం లేదని మాత్రం సెప్పొద్దు. నీకు తెలిస్తే తెలుసను, తెలీకుంటే తెల్దను. ఆ మాట ఒకటి నాకు ఇయ్యి.”

అవతల వాడు ఎందుకని అడిగి ఉంటాడు. వచ్చినప్పుడు చెప్తానని పెట్టేశాడు.

సాయంకాలం బస్సు దాకా ఆమెతో నడిచాను. దారి పొడుగునా కరెంటు తీసే పెద్ద పెద్ద గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి. తెలుగు ఎప్పుడు నేర్చుకున్నావని తమిళంలో అడిగాను. ఇక తెలుగులో అడగవచ్చు కదా, అయినా నోరు రాలేదు. మీ పక్క పత్తి తీయను వచ్చిన రెండో ఏడే అర్థమయిపోయిందక్కా అంది, తెలుగులో. అంటే ఇన్నేళ్ళూ మా ఆడబిడ్డ మీద నేను చెప్పినవన్నీ ఆమె విన్నది. మా అత్తగారి మీద చెప్పినవీ విన్నది. ఒకసారి ఈమె పని నిదానం అని ఈమె ఎదుటే అన్నది కూడా విన్నది. మరి ఎందుకు చెప్పలేదే అన్నాను. చెప్తే మీరు నా ముందర మాట్లాడరు కదా, మాటలు లేకుండా పొద్దు పోదు అని నవ్వింది. నాకు ఆ రోజు మొత్తంలో అప్పుడే ఏడుపు వచ్చింది. బస్సు వచ్చేసింది, ఎక్కి పోయింది. మరుసటి రోజు మామూలుగానే పనికి వచ్చింది. మా బావ ఆమెకు కాఫీ తనే కలిపి ఇచ్చాడు, మా ఇంట్లో నాకు ఏనాడూ దక్కని మర్యాద అది.

బయలుదేరే ముందు మా వాడు సెలవు మీద వచ్చాడు. తండ్రీ కొడుకులు ఎండిన చేలో చాలాసేపు తిరిగారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. వచ్చాక వాడు కొట్టంలోకి పోయి సిలోనామె పక్కన కూర్చుని కొన్ని కాయలు ఏరాడు. చిన్నప్పుడు ఎంత బతిమాలినా చేయని పని.

కోవిల్‌పట్టి స్టేషనుకు ముగ్గురం పోయాం. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా ఒక డబ్బా, కడలమిఠాయి అనే వేరుశనగ పట్టీ ఒక పొట్లం, నేను చేసిన మిరపకాయల పొడి, అన్నీ వాడి సంచిలో కుక్కాను. అంతవరకూ బాగానే ఉన్నాను. పోనివ్వమని పోరాడిన మనిషిని కదా, ఏడిస్తే మా బావ ఏమంటాడో అని పళ్ళ బిగువున ఉన్నాను. రైలు వచ్చింది. వాడు ఎక్కి పెట్టె వాకిట్లో నిలబడ్డాడు. రైలు కదలబోతుంటే నాలో ఏదో తెగింది. నీలి టోపీ లేదు, ప్రపంచ దేశాలు లేవు, న్యాయం లేదు. నా బిడ్డ ఒక్కడే ఉన్నాడు. వాడి చెయ్యి పట్టుకున్నాను.

“నీకేమి కాదు కదా నాయినా? బయం లేదు అని ఒక్క మాట సెప్పి పో.”

వాడు నోరు తెరిచాడు. ఆ మాట వాడి పెదాల దాకా వచ్చింది, నేను చూశాను. నా వెనక నిలబడ్డ వాళ్ళ నాయన వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు.

“తెల్దమ్మా,” అన్నాడు.

రైలు కదిలింది.